కొత్త డ్రైవర్‌ను తొలి రాత్రే జోడీ వేయకండి: రవాణా, కార్మిక శాఖలకు, ఎక్స్‌ప్రెస్ కార్గో యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా కమిషనర్లకు, కార్మిక కమిషనర్లకు. పార్శిల్, ఈ-కామర్స్, ఆక్వా సరుకు రవాణా చేయించే సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం. మీ సమయం విలువైనది కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో క్లీనర్‌గా చేరి, గురువు పక్కన కూర్చుని బండి నేర్చుకున్నవాణ్ని. ఇప్పుడు 32 అడుగుల కంటైనర్ మీద, డబుల్ డ్రైవర్ లైన్‌లో, అంటే ఇద్దరు డ్రైవర్లు జోడీగా మార్చి మార్చి నడిపే బండి మీద పనిచేస్తున్నాను. ఇందులో రాసినవి నా ఒక్కడి మాటలు కావు. ఇదే పని చేస్తున్న తోటి డ్రైవర్లతో టోల్‌గేట్ల దగ్గర, అన్‌లోడింగ్ కోసం ఎదురుచూసే యార్డుల్లో మాట్లాడుకున్నవి. ముందు మా కంపెనీ ట్రాఫిక్ మేనేజర్‌కు కాగితం మీద రాసి ఇచ్చాం. జవాబు లేదు. తర్వాత ఒక రవాణా కార్యాలయంలో అర్జీ ఇస్తే, పని గంటల సంగతి లేబర్ వాళ్లది అన్నారు. లేబర్ ఆఫీసుకు వెళితే, లారీల సంగతి ఆర్టీవో వాళ్లది అన్నారు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి ఒకే లేఖ.

లారీల సంగతి అంతగా తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. మామూలు లారీ రాత్రి ఏదో ఒక ధాబా దగ్గర ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ బండి ఆగదు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక బెర్త్ మీద పడుకుంటారు. మీరు ఫోన్‌లో ఆర్డర్ పెట్టిన చెప్పులైనా, మెడికల్ షాపుకు రావాల్సిన మందులైనా, ఆకివీడు, కైకలూరు నుంచి ఐసు వేసుకుని హౌరా వెళ్లే చేపలైనా, సీజన్లో జగిత్యాల నుంచి ఢిల్లీకి పోయే మామిడికాయలైనా ఇలాంటి బండ్ల మీదే టైముకు చేరుతున్నాయి. ఈ పని అవసరమే. దీన్ని ఆపమని మేం అడగడం లేదు. దీనిలోకి కొత్తగా వచ్చేవాళ్లను ఎలా దించుతున్నారో చూడమని అడుగుతున్నాం.

లారీ నడపాలంటే చట్టం ప్రకారం 20 ఏళ్లు నిండాలి. కారు లైసెన్స్ తీసుకుని ఏడాది గడిచాకే ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కు ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. 2019లో ఎనిమిదో తరగతి నిబంధన కూడా తీసేశారు. మంచిదే, చదువుకోని పేదవాడికి దారి దొరికింది. కానీ ఆ లైసెన్స్ పరీక్షలో చూసేదెంత? పగటిపూట ట్రాక్ మీద కాసేపు ముందుకు, వెనక్కు. తెల్లవారుజామున మూడింటికి, లోడు మీద, వాన పడుతుంటే ఘాట్ దిగడం వచ్చో రాదో అక్కడ ఎవరూ చూడరు. అది నేర్పే పని ఒకప్పుడు గురువులది. క్లీనర్ కుర్రాడు రెండుమూడేళ్లు టైర్లు తట్టి, తాళ్లు కట్టి, టార్పాలిన్ కప్పి, ఖాళీ బండి మీద చెయ్యి తిరిగాక లోడు బండి ముట్టుకునేవాడు. ఆ పద్ధతిలో తిట్లూ దెబ్బలూ ఉండేవి, అదంతా గొప్పదని నేను చెప్పను. అయితే రోడ్డు నేర్చుకోవడానికి టైము ఉండేది. ఇప్పుడు క్లీనర్ జీతం దండగని చాలా బండ్లలో క్లీనర్లు లేరు. నేర్చుకునే మెట్టు పోయింది.

ఇప్పుడు ఎలా చేరుతున్నారంటే, నిన్నటిదాకా టిప్పరో, ట్రాక్టరో, టాటా ఏసో నడిపిన కుర్రాడు తెలిసినవాళ్ల ద్వారా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు వస్తాడు. యార్డులో బండిని ఒక రౌండు తిప్పమంటారు. ఒరిజినల్ లైసెన్స్ తీసి బీరువాలో పెట్టుకుంటారు. అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. ఆ సాయంత్రం ఏ బండికి రెండో డ్రైవర్ తక్కువైతే ఆ బండి ఎక్కిస్తారు. ఇద్దరూ అంతకుముందు ఒకరినొకరు చూసి ఉండరు. ఒకరిది ఒంగోలు, ఇంకొకరిది ఆదిలాబాద్ కావచ్చు. ‘నువ్వు నాగ్‌పూర్ దాకా నడుపు, అక్కణ్నుంచి వాడు అందుకుంటాడు’ అంటారు. అంతే ట్రైనింగ్.

ఇక్కడ యాజమాన్యాలు ఒక విషయం గమనించాలి. బండిలో ఇద్దరు డ్రైవర్లు ఉన్నారని మీ రిజిస్టర్లో రాసుకుంటున్నారు. నిజానికి అప్పుడు ఉన్నది ఒక్క డ్రైవరే. కొత్తవాడు స్టీరింగ్ మీద ఉంటే సీనియర్‌కు బెర్త్ మీద నిద్ర పట్టదు. గేర్ మారిన చప్పుడుకు లేస్తాడు, బ్రేక్ గట్టిగా పడితే లేస్తాడు, ‘తమ్ముడూ, డిప్పర్ కొట్టు, ఎడమకు తియ్యి’ అని చెబుతూనే ఉంటాడు. నాలుగు గంటలు అలా దొర్లి, ఆ కళ్లతోనే తన డ్యూటీ ఎక్కుతాడు. కొత్తవాడేమో పెద్దాయన ఏమంటాడోనన్న టెన్షన్‌లో, నిద్ర వస్తున్నా వస్తోందని చెప్పడు. మొదటి ట్రిప్పుల్లోనే మాట పోతే మళ్లీ పిలవరని భయం. నిద్ర వస్తోందని చెప్పగలిగితేనే ఇద్దరు డ్రైవర్లు ఉన్నందుకు ఫలితం. కొత్త జోడీలో ఆ మాట నోటికి రాదు.

ఇక లెక్క చూడండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాదాపు 1,550 కిలోమీటర్లు. సరుకు బండ్లకు స్పీడ్ గవర్నర్ గంటకు 80 దగ్గర ఆపేస్తుంది. లోడు మీద నాగ్‌పూర్, లఖనాదోన్, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా దాటి పోయే దారిలో సగటు 45 వస్తే బాగా నడిచినట్టు. అంటే స్టీరింగ్ పట్టుకున్న సమయమే 34 గంటలు దాటుతుంది. ఇద్దరూ సమానంగా పంచుకున్నా తలా 17 గంటలు. మా ట్రిప్ షీట్‌లో రాసే టైము 45 గంటలు. రోజుకు 8 గంటలే పని అంటుంది చట్టం. అంటే రెండు రోజులకు 16. లోడింగ్ దగ్గర నిలబడింది, సీల్ వేయించింది, పంక్చర్ వేయించింది, ఢిల్లీ నో-ఎంట్రీ కోసం బయట కాచుకున్నది కలపకుండానే లెక్క దాటిపోయింది. ఇద్దరు మంచి డ్రైవర్లు, ఏ ఆటంకమూ లేని రోడ్డు, ఇవన్నీ కుదిరినా ఆ టైము చట్టానికి లోబడి రాదు. ఇక ఒకరు కొత్తవాడైతే ఆ భారం ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు.

ఈ 8 గంటల మాట మేం కల్పించింది కాదు. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టంలో రోజుకు 8, వారానికి 48 గంటలని ఉంది. దూరపు రూట్లకు అనుమతి తీసుకుంటే రోజుకు 10, వారానికి 54 దాకా. కార్మికుడు యజమాని పిలుపుకు అందుబాటులో ఉన్న సమయమంతా పని గంటలేనని కూడా ఆ చట్టం చెప్పింది. మోటార్ వాహనాల చట్టం 91వ సెక్షన్ ఆ గంటలనే డ్రైవర్లకు వర్తింపజేసింది. పాత చట్టం ఇప్పుడు 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లో కలిసింది. అక్కడా రోజుకు 8 గంటలే. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా డ్రైవర్ల పని గంటలు అమలయ్యే దారి చూడమని ప్రభుత్వాలకు చెప్పింది. చట్టం ఉంది, కోర్టు మాట ఉంది. లేనిదల్లా రోడ్డు మీద ఒక్కసారి ఆపి, ‘నువ్వు ఎన్ని గంటల నుంచి నడుపుతున్నావు?’ అని అడిగే అధికారి. ఓవర్‌లోడ్‌కు ఆపుతారు, కాగితాలకు ఆపుతారు. ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఇంకో విషయం. నేషనల్ పర్మిట్ ఉన్న పెద్ద లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలని, రెండోవాడు పడుకోవడానికి సీటు వెనక బెర్త్ ఉండాలని కేంద్ర మోటార్ వాహనాల నిబంధనల్లో ఉండేది. 2018లో ఇద్దరు డ్రైవర్ల షరతు ఎత్తేశారు. అదే ఏడాది యాక్సిల్ లోడు పరిమితి, అంటే లారీ మీద వేయనిచ్చే బరువు పెంచారు. బరువు పెరిగింది, మనిషి తగ్గాడు. డ్రైవర్లు దొరకడం లేదని అప్పుడు చెప్పిన కారణం నిజమే కావచ్చు. డ్రైవర్లు ఎందుకు దొరకడం లేదో మాత్రం ఎవరూ వెతకలేదు. ఇప్పుడు రెండో డ్రైవర్‌ను పెడుతున్నది చట్టం కోసం కాదు, బండి ఆగకుండా ఉండటం కోసం. తేడా అక్కడే ఉంది.

బయటి దేశాల్లో ఈ పని ఎలా జరుగుతోందో ఒక్క మాట. అమెరికాలో అర్జెంటు లోడ్లకు జోడీ డ్రైవర్లను పెట్టడం మామూలు. భార్యాభర్తలు కలిసి నడిపే బండ్లూ ఉంటాయి. అక్కడ ఒక్కొక్కరికి వరుసగా 10 గంటల విరామం తర్వాత 11 గంటలకు మించి నడిపే వీల్లేదు. 2017 చివరి నుంచి చాలా బండ్లలో ఆ గంటలను ఎలక్ట్రానిక్ పరికరమే రాస్తోంది. యూరప్ ఇంకా కఠినం. నడుస్తున్న బండిలో పడుకున్నది రోజువారీ విశ్రాంతి కింద లెక్క కాదు, బండి ఆగి ఉండాలి. జోడీ ఉన్నా సరే, 30 గంటల్లో 9 గంటలు ఇద్దరికీ బండి ఆపి విశ్రాంతి ఇవ్వాల్సిందే. వాళ్ల రోడ్లు వేరు, జీతాలు వేరు. నిద్ర మాత్రం అందరికీ ఒకటే.

మాకు నిద్ర లేకపోతే దాని ఫలితం మా ఒక్కరితో ఆగడం లేదు. అందుకే ప్రజలకు కూడా తెలియాలని కింది అంశాలు, వాటితో పాటు మా డిమాండ్లు వరుసగా రాస్తున్నాను.

1. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెప్పింది. అందులో నిద్ర వల్ల ఎంతమందో ఎఫ్‌ఐఆర్‌లో తేలదు. ‘అతివేగం, నిర్లక్ష్యం’ అని రాసి మూసేస్తారు. తెల్లవారుజామున హైవే పక్కన ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దిన వార్త మీరు పేపర్లో ఎన్నిసార్లు చదివి ఉంటారో గుర్తు చేసుకోండి. అందులో పోయేది డ్రైవర్ ఒక్కడే కాదు. పాలక్యాన్లతో బైకు మీద వచ్చే రైతు, పెళ్లి నుంచి తిరిగొస్తున్న తుఫాన్ బండి, టీ కోసం ఆగిన బస్సు ప్రయాణికులు ఉంటారు. కాబట్టి రాత్రి 12 నుంచి ఉదయం 5 మధ్య పెద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ, ఆ డ్రైవర్ అంతకుముందు 48 గంటల్లో ఎన్ని గంటలు నడిపాడో పోలీసులు, ఎంవీఐలు (మోటార్ వాహనాల ఇన్‌స్పెక్టర్లు) తప్పనిసరిగా రికార్డు చేయాలి. ఫాస్టాగ్, జీపీఎస్ లెక్కలు కంపెనీ దగ్గర ఉన్నాయి, అడిగితే చాలు. టైము నిర్ణయించినవాళ్ల పేరు కూడా ఆ కాగితంలోకి రావాలి.

2. కొత్త డ్రైవర్‌ను రెండో డ్రైవర్‌గా లెక్కపెట్టకూడదు. మొదటి నెల అతను మూడో మనిషిగా, పూర్తి బత్తా మీద, పాత జోడీతో కలిసి వెళ్లాలి. ముందు పగటిపూట, తర్వాత రాత్రి, ఆ తర్వాతే ఘాట్లు, పొగమంచు. చలికాలంలో గ్వాలియర్ దాటాక మంచు ఎలా ఉంటుందో గోదావరి జిల్లా కుర్రాడికి ఊహకు కూడా అందదు. నేర్పాల్సింది స్టీరింగ్ ఒక్కటే కాదు. బండి చేతులు మారేటప్పుడు ఇద్దరూ దిగి టైర్లు, ఎయిర్, లైట్లు, డోర్ సీలు చూసుకోవాలి. చల్లటి సరుకైతే టెంపరేచర్ చూడాలి. దారిలో ఏం జరిగిందో మాట చెప్పాలి. నిద్ర లేచిన వెంటనే స్టీరింగ్ ఎక్కకుండా ఒక టీ తాగేంత టైము తీసుకోవాలి. వీటికి కంపెనీలో ఒక రాతప్రతి ఉండాలి, తెలుగులో. మాకు ఇప్పుడిచ్చే యాప్ హిందీలో, ఇంగ్లీషులో ఉంది.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలని అడుగుతారు. సరుకు టైముకు కావాల్సినవాళ్లే పెట్టుకోవాలి. ఒక నెల మూడో మనిషి బత్తా ఎంతో, ఒక కంటైనర్ బోల్తా పడితే పోయే సరుకెంతో మీ అకౌంట్స్ వాళ్లనే అడగండి.

3. ట్రిప్ టైము చట్టానికి లోబడి ఉండాలి. దూరాన్ని 8 గంటల డ్యూటీతో భాగించి చూడకుండా ఏ కాంట్రాక్టూ రాయకూడదు. ఆలస్యానికి డ్రైవర్ బత్తాలో కోత, ముందు చేరితే ఇన్సెంటివ్, ఈ రెండూ వెంటనే ఆపాలి. అవి ఉన్నంతకాలం ‘జాగ్రత్తగా నడపండి’ అనే స్టిక్కర్లకు విలువ లేదు. జీఎస్టీ వాళ్ల ఈ-వే బిల్లు చూడండి, మామూలు సరుకుకు రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున గడువు ఇస్తుంది. పన్ను శాఖ కాగితానికి ఇచ్చిన ఊపిరి మా మనిషికి ఇవ్వడం లేదు.

4. బండి ఐదు నిమిషాలు ఆగితే కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్. ఎందుకు ఆగింది, ఎప్పుడు కదులుతుంది అని. నడుపుతున్నవాడే ఎత్తాలి, ఎత్తకపోతే ఇంకోసారి. ఫోన్ మాట్లాడుతూ నడిపితే చలానా వేసేది ప్రభుత్వం, మాట్లాడించేది మీరు. కదులుతున్న బండికి ఫోన్ చేయడం ఆపాలి.

5. ఎవరు ఎంత నడిపారో రాసే పద్ధతి కావాలి. జీపీఎస్ బండి కదిలిందని చెబుతుంది, లోపల ఎవరు ఉన్నారో చెప్పదు. డ్రైవర్ మారినప్పుడు లాగిన్ మారే పరికరం పెట్టడం మీకు కష్టం కాదు. ఆ రికార్డు డ్రైవర్ చేతికీ రావాలి, ప్రమాదం తర్వాత మార్చడానికి వీల్లేకుండా ఉండాలి. కొత్తవాడికి ఇది ఇంకా అవసరం. రేపు ఏదైనా జరిగితే ‘స్టీరింగ్ మీద ఉన్నది వాడే’ అని చెప్పడం చాలా తేలిక.

6. డబ్బు సంగతి. ఇద్దరికీ కలిపి ఒక మొత్తం ఇచ్చి ‘మీరే పంచుకోండి’ అంటున్నారు. సీనియర్ ఎక్కువ తీసుకుంటాడు, కొత్తవాడికి భోజనం ఖర్చులు పోగా మిగిలేది చెప్పుకోవడానికి లేదు. జోడీ మధ్య మొదటి గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఇద్దరు గొడవపడ్డాక ఒకరి నిద్రకు ఇంకొకరు కాపలా కాయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎవరి జీతం వారి బ్యాంకు ఖాతాలో పడాలి. యార్డులో లోడు కోసం ఎదురుచూసిన సమయానికి హాల్టింగ్ డబ్బు బండి ఓనర్‌తో పాటు డ్రైవర్లకూ రావాలి. దారిలో పెట్టెలు తగ్గాయనో, డబ్బా నొక్కుకుపోయిందనో విచారణ లేకుండా కోసే పద్ధతి పోవాలి. ఒరిజినల్ లైసెన్స్ దాచుకోవడం ఏ చట్టంలోనూ లేదు, తిరిగి ఇచ్చేయండి.

7. బీమా. బండి పాలసీలో జీతానికి పనిచేసే డ్రైవర్లు ఎంతమందికి ప్రీమియం కట్టారో కొత్తగా చేరేవాడికి చూపించాలి. బెర్త్ మీద పడుకుని ఉన్నవాడు కూడా డ్యూటీలో ఉన్న డ్రైవరేనని కాగితం మీద ఉండాలి. అపాయింట్‌మెంట్ లెటర్ లేనివాడి భార్య, తన భర్త ఆ బండి డ్రైవర్ అని నిరూపించుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో కార్మిక శాఖ వారికి నేను చెప్పనక్కర్లేదు.

8. ఆగడానికి చోటు కావాలి. దేశవ్యాప్తంగా హైవేల మీద డ్రైవర్ల కోసం 1,000 విశ్రాంతి భవనాలు కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. పెట్రోల్ బంకుల్లో కొన్నిచోట్ల పడకలు, స్నానాల గదులు వచ్చాయి, బాగున్నాయి కూడా. కానీ టైము షీట్ ఆగనివ్వకపోతే ఆ పడక ఎవరి కోసం? 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. పాత బండ్లలో మే నెల మధ్యాహ్నం బెర్త్ మీద పడుకోవడం నరకం. పగటి నిద్ర పట్టనివాడే రాత్రి కునుకు తీస్తాడు. జోడీ మీద నడిపే పాత బండ్లకు కనీసం క్యాబిన్ ఫ్యాను, వేడి రాకుండా ఇంజిన్ కవర్‌కు మందమైన మ్యాటు, కిటికీ తెరలు పెట్టించండి. మీ గోడౌన్ల దగ్గర డ్రైవర్లు వాడుకునే మరుగుదొడ్డి, తాగునీరు ఉండాలి. చాలాచోట్ల సెక్యూరిటీ మమ్మల్ని గేటు లోపలికే రానివ్వడం లేదు.

9. 500 కిలోమీటర్లు దాటే భారీ సరుకు బండికి ఇద్దరు డ్రైవర్ల నిబంధనను తిరిగి తేవాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్రానికి రాయాలి. రెండోవాడు శిక్షణ పూర్తయినవాడై ఉండాలని అందులో చేర్చాలి. లేకపోతే మళ్లీ ఎవరో ఒక కుర్రాణ్ని ఎక్కించి తల లెక్క చూపిస్తారు.

వీటిలో 2, 4, 6 అంశాలకు కొత్త చట్టం అవసరం లేదు. యాజమాన్యాలు తలుచుకుంటే వచ్చే నెల నుంచే చేయొచ్చు. 1వ అంశానికి ఒక సర్క్యులర్ చాలు. మిగతావాటి మీద రవాణా, కార్మిక శాఖలు కలిసి కూర్చుని, డ్రైవర్లను కూడా పిలిచి మాట్లాడాలి. ఆ సమావేశం పగటిపూట పెట్టండి, ట్రిప్ మానుకుని వస్తాం. ఆ రోజు బత్తా పోయినా ఫర్వాలేదు.

ఈ లైన్‌లోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లకు కూడా ఒక మాట. మీ జోడీ ఎవరో తెలుసుకోకుండా, ఖాళీ బండి మీదైనా అతనితో ఒక ట్రిప్పు తిరగకుండా రాత్రి లోడు ఒప్పుకోవద్దు. లైసెన్స్ కలర్ జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ ఇవ్వొద్దు. నిద్ర వస్తే బండి పక్కకు తీసి పెద్దాయన్ను లేపండి. తిడితే తిట్టనివ్వండి.

ఈ లేఖ ప్రతులను రెండు రాష్ట్రాల రవాణా, కార్మిక కమిషనర్ల కార్యాలయాల్లో ఇచ్చి ఇన్వార్డ్ నంబరు తీసుకుంటున్నాం. 30 రోజుల్లో రాతపూర్వక జవాబు కోరుతున్నాం. అప్పటికీ రాకపోతే, 91వ సెక్షన్ కింద ఇంతవరకు ఎన్ని బండ్లు తనిఖీ చేశారు, ఎంతమంది మీద చర్య తీసుకున్నారు అని సమాచార హక్కు చట్టం కింద జిల్లాల వారీగా దరఖాస్తులు పెడతాం.

ఇట్లు,
డబుల్ డ్రైవర్ లైన్‌లో పనిచేస్తున్న ఒక లారీ డ్రైవర్,
తోటి డ్రైవర్ల తరఫున,
ఆటోనగర్, విజయవాడ